ఇరవై నాలుగు గొర్రెలు, ఒక జోడిపి పొట్టేలు: మా దొడ్డి డైరీ

ఏప్రిల్ 9

పొట్టేలు వచ్చింది. పొదిలి వైపు నుంచి ట్రాలీలో రాత్రంతా ప్రయాణం. దింపీ దింపగానే నీళ్ల తొట్టి మీద పడింది. ఒళ్లంతా తెలుపు, కళ్ల చుట్టూ కాటుక దిద్దినట్టు నల్లటి వలయాలు, పెదవుల దగ్గరా కింది దవడ మీదా నల్ల మచ్చలు. నెల్లూరు జాతిలో పల్ల అంటే పూర్తి తెలుపు, దొర అంటే గోధుమ రంగు, జోడిపి అంటే ఇది. మన దేశపు గొర్రెల్లో ఎత్తుకు నెల్లూరుదే పేరు. పక్కన నిలబడితే దీని వీపు నా నడుమును దాటింది.

మామ దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. వృషణాలు చేత్తో తడిమాడు, పెదవి ఎత్తి పళ్లు చూశాడు. "నాలుగు పండ్లది. మంచిగున్నది" అని ఊరుకోకుండా అసలు మాట అడిగేశాడు. "పొట్టేలు మన దొడ్లనే ఉన్నది. ఇడిసిపెడితే దాని పని అది జేస్తది. మద్యల నీ గొట్టాలెందుకు అల్లుడా?"

గొట్టాలంటే కృత్రిమ గర్భధారణ: పొట్టేలు వీర్యాన్ని పట్టి గొర్రెలకు గొట్టంతో వేయడం. నిజంగానే మంచి ప్రశ్న. ఈ డైరీ మొత్తం దానికి జవాబు వెతుక్కోవడమే అనుకోండి.

మా ఊళ్లో మూడు మందలున్నాయి. మామ మందలో సగం 2017లో ప్రభుత్వం పంపిణీ చేసిన యూనిట్ల సంతానమే: యూనిట్ అంటే ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు. మిగతా రెండు మందల కథా ఇంచుమించు అంతే. ఈ ఎనిమిదేళ్లలో తండ్రి, కొడుకు, మనుమడు అంతా అవే గొర్రెల మీద తిరిగారు. దానికి తోడు మేమే చేసుకునే తప్పు ఇంకొకటుంది. బాగా పెరిగిన పొట్టేలు పిల్లను ముందు కోతకు అమ్మేస్తాం. పెద్దగట్టు జాతర వచ్చిందంటే చాలు, మందలో ఎత్తుగా, నిండుగా ఉన్నదే ముందు పోతుంది. ఎవరూ కొనని బక్కది మిగిలి మందకు మొగుడవుతుంది. 2019 పశుగణన ప్రకారం తెలంగాణలో 1.9 కోట్ల గొర్రెలున్నాయి, దేశంలో మనదే మొదటి స్థానం. లెక్కకు కొదవ లేదు, విత్తనానికే కొదవ.

ఈ ఒక్క పొట్టేలును మూడు మందల మధ్య తిప్పొచ్చు. కానీ ఒక మందలోని బ్రూసెల్లాను, అంటే గర్భం పోగొట్టే అంటురోగాన్ని, ఇంకో మందకు మోసుకెళ్లేది కూడా అదే పొట్టేలు. కొత్త మందలో పాత పొట్టేళ్లతో కొమ్ములాటకు దిగి కాలు విరగ్గొట్టుకుంటే పెట్టిన డబ్బు మట్టిలో కలుస్తుంది. పొట్టేలుకు రోగం లేకపోతే వీర్యానికి ఆ భయాల్లేవు. ముందు మామ మందలో చెయ్యి తిప్పుకుని, తర్వాత మిగతా రెండింటికి వెళ్లాలని లెక్క. నాది పశుసంవర్ధక డిప్లొమా. ఆవులకు, బర్రెలకు కృత్రిమ గర్భధారణ సూదులు వేసిన చెయ్యే. గొర్రెకు మాత్రం కొత్త. హార్మోన్లు, స్కానింగు మా మండలం డాక్టరమ్మ చూసుకుంటారు. ఆమె ఒప్పుకోకపోతే ఈ పని మొదలే అయ్యేది కాదు.

ఏప్రిల్ 17

పొట్టేలుకు జ్వరం, 105 డిగ్రీలు. ప్రయాణం దెబ్బా, ఎండ దెబ్బా తెలియలేదు. మేడం రెండు రోజులు మందు వేశారు. తగ్గింది. అయితే ఆమె ఒక మాట చెప్పి వెళ్లారు: "దీని ఫలితం ఇప్పుడు కాదు, మే, జూన్‌లలో కనపడుతుంది. క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకో."

పొట్టేలులో ఒక వీర్యకణం తయారవడానికి దాదాపు ఏడు వారాలు పడుతుంది. ఆపైన నిలవ గొట్టంలో ఇంకో రెండు వారాల ప్రయాణం. ఏప్రిల్ జ్వరంలో ఉడికిపోయిన కణాలు బయటికి వచ్చేది మేలోను, జూన్ మొదట్లోను. అప్పటిదాకా బయటికి పొట్టేలు నిక్షేపంగా కనిపిస్తుంది. అందుకే వేప చెట్టు కింద విడిగా కట్టేసి, మధ్యాహ్నాలు తడి గోనెలు వేలాడదీస్తున్నాం. అత్త దానికి "అల్లుడి అల్లుడు" అని పేరు పెట్టింది.

మే 4

నిరుడు జరిగిన సంగతి ఇక్కడ రాసుకోకపోతే మళ్లీ అదే తప్పు చేస్తాను. ఒకతను ద్రవ నత్రజని డబ్బాలో గడ్డకట్టించిన గొర్రె వీర్యపు స్ట్రాలు, అంటే సన్నని గొట్టాలు, తెచ్చి, ఆవుకు వేసినట్టే వేసెయ్యొచ్చన్నాడు. తొమ్మిది గొర్రెలకు వేశాను. ఒక్కటే చూలు కట్టింది. అది కూడా మా పాత పొట్టేలు దడి దూకిన రాత్రి పుణ్యమేనని మామ ఇప్పటికీ అంటాడు. పిల్ల మొహం చూస్తే నేనూ కాదనలేను.

ఎందుకు పోయిందో ఆ తర్వాత చదివితే గానీ అర్థం కాలేదు. ఆవులో మనం ఎడమ చెయ్యి పురీషనాళంలోకి పెట్టి, గర్భాశయ ముఖద్వారాన్ని పైనుంచి పట్టుకుని వీర్యం వేసే గన్నును నడిపిస్తాం. గొర్రెలో చెయ్యి పట్టదు. ఆ ద్వారం ఆరేడు సెంటీమీటర్ల పొడవు, లోపల నాలుగు నుంచి ఏడు మడతలు. ఆ మడతలు ఒకదాని వెనక ఒకటి సూటిగా ఉంటే బాగానే ఉండేది. ఒకటి ఎడమకు, ఇంకొకటి కుడికి, పైగా కొసలన్నీ బయటివైపుకే తిరిగి ఉంటాయి. లోపలికి పెట్టిన గొట్టం రెండో మడత దగ్గరో, మూడో దాని దగ్గరో గోడకు తగిలి ఆగిపోతుంది. బలవంతం చేస్తే రక్తం. ఇక గడ్డకట్టించి కరిగించిన వీర్యంలో సగానికి సగం చస్తాయి, బతికినవాటికి ఆయువు తక్కువ. ఆ వంకర దారిలో, ఆ జిగురులో ఈదే ఓపిక వాటికి ఉండదు.

దీనికి రెండు దారులు కనుక్కున్నారు. ఆస్ట్రేలియా వాళ్లు 1982లో ద్వారాన్నే పక్కన పెట్టేశారు: గొర్రెను తలకిందులుగా వాల్చి, పొట్టకు రెండు చిన్న రంధ్రాలు పెట్టి, దుర్బిణీతో చూస్తూ నేరుగా గర్భాశయపు కొమ్ముల్లో వేస్తారు. గడ్డకట్టించిన వీర్యంతో కూడా అక్కడ ఫలితం బాగుంటుంది. రెండో దారి, గడ్డకట్టించకుండా తాజా వీర్యాన్నే పలుచన చేసి ద్వారం మొదట్లో వేయడం. ఫ్రాన్సులో లకోన్ పాల గొర్రెలకు ఏటా లక్షల్లో ఇలాగే వేస్తారు. నార్వేలో ఇంకో వింత. అక్కడ రైతులే శిక్షణ తీసుకుని, గడ్డకట్టించిన వీర్యాన్ని ద్వారం వెతక్కుండానే లోపల వదిలేస్తారు, వాళ్ల గొర్రెలు అయినా చూలు కడతాయి. జాతి తేడా. నిరుడు మనకు స్ట్రాలు అమ్మినవాడు ఆ నార్వే ముక్క ఎక్కడో విని ఉంటాడని నా అనుమానం.

మా దొడ్డికి దుర్బిణీ ఎక్కడిది? పొట్టేలు ఇంట్లోనే ఉంది. రెండో దారే మాది.

మే 20

ఏవీ పని. కృత్రిమ యోనిని అందరం ఏవీ అనే అంటాం. ఒక గట్టి రబ్బరు గొట్టం, లోపల పలుచని రబ్బరు తొడుగు, మధ్యలో వేడినీళ్లు, ఒక చివర గీతలున్న గాజు గిన్నె. చెప్పడానికి ఇంతే.

మొదటి రోజు నీళ్లు మరీ వేడెక్కాయి. జోడిపి ఒక్కసారి తగిలించి వెనక్కి గెంతి, ఆ రోజంతా నా మొహం చూడలేదు. రెండో రోజు థర్మామీటరు పెట్టి 50 దగ్గర పోశాను. గొట్టం చల్లదనం, బయటి గాలి పోను లోపల 43కు వచ్చింది. 42 నుంచి 45 మధ్య ఉండాలి. ఎదలో ఉన్న గొర్రెను స్టాండులో కట్టి, పక్కన మోకాళ్ల మీద కూర్చోవాలి. పొట్టేలు ఎక్కే క్షణంలో ఎడమ చేత్తో దాని అంగం మీది తొడుగును పక్కకు తప్పించి, ఏవీని దాని కోణానికి పట్టాలి. పొట్టేలు ఒక్కటే పోటు పొడుస్తుంది, అంతే. రెప్ప వేస్తే పని అయిపోయి ఉంటుంది. ఆవుల పని చేసిన చేతికి ఆ వేగం అలవాటు కావడానికి పదకొండు రోజులు పట్టింది. దానికి మాత్రం ఐదో రోజుకే అలవాటైంది. ఇప్పుడు నా చేతిలో గొట్టం కనపడితే చాలు, తాడు తెంపుకుంటోంది.

ఈ రోజు మొదటి మంచి పట్టు: 0.8 మిల్లీలీటరు. మైక్రోస్కోపు కింద చుక్క పెట్టి చూస్తే మనసు చివుక్కుమంది. మంచి వీర్యమైతే తక్కువ పవర్‌లో మబ్బులు సుడి తిరుగుతున్నట్టు అలలు లేవాలి, వాటికి ఐదు మార్కులు. దీనికి రెండు. మేడం చెప్పిన క్యాలెండర్ గుర్తుకొచ్చింది.

జూన్ 12

మూడున్నర మార్కులు. అలలు కనపడుతున్నాయి. తోకలు మెలిపడ్డ కణాలు సగానికి తగ్గాయి.

గొర్రెలకు ఈ నెల మొదటి నుంచి రోజూ తలా 200 గ్రాముల మక్కల పిండి, పల్లిచెక్క పెడుతున్నాం. ఎదకు ముందు ఒళ్లు పెరిగే దశలో ఉంటే గుడ్లు బాగా విడుదలవుతాయి. మామకు ఇది కొత్తేమీ కాదు. తొలకరి పడి పచ్చగడ్డి మొలిచిన పదిహేను రోజులకు మంద దానంతట అదే ఎదకొస్తుందని ఆయన తాత కాలం నుంచి తెలుసు. మనం సంచిలోంచి పోస్తున్నాం, అంతే తేడా.

జూన్ 19

స్పాంజీలు పెట్టాం. ఇరవై నాలుగు గొర్రెలు, అన్నీ కనీసం ఒక ఈత ఈనినవి, పిల్లకు పాలు మాన్పించి రెండు నెలలు దాటినవి. తొలిచూలు గొర్రెలను వదిలేశాం, వాటికి స్పాంజీ పట్టించడమే హింస.

ఇది బొటనవేలంత స్పాంజీ ముక్క, ప్రొజెస్టిరాన్ పట్టించి ఉంటుంది. రాజస్థాన్ అవికానగర్‌లోని కేంద్ర గొర్రెలు, ఉన్ని పరిశోధన సంస్థ మన దేశంలోనే ఇలాంటివి తయారు చేసింది. గొట్టంతో లోపల వదిలితే పన్నెండు నుంచి పద్నాలుగు రోజులు ఆ హార్మోను ఊరుతుంది, గొర్రె శరీరం ఎదను ఆపుకుని కూర్చుంటుంది. స్పాంజీ లాగెయ్యగానే ఆనకట్ట తెగినట్టు అన్నీ రెండు రోజుల్లో ఒకేసారి ఎదకొస్తాయి. మామూలుగా గొర్రె ఎద చక్రం 17 రోజులు, ఎద ఉండేది ఒక రోజు, మహా అయితే రోజున్నర. ఇరవై నాలుగింటిని ఒకే పొద్దున కావాలంటే ఈ ఆనకట్ట తప్పదు.

గొట్టాన్ని ప్రతి గొర్రెకూ క్రిమినాశక నీళ్లలో ముంచి, స్పాంజీకి యాంటీబయాటిక్ రాసి, పైకి కొంచెం ఏటవాలుగా పెట్టాలి. దారం బయట మూడు నాలుగు సెంటీమీటర్లు వేలాడుతుంది. అంతకంటే పొడుగు వదిలితే పక్క గొర్రె నమిలి లాగేస్తుంది.

జూన్ 24

పక్క గొర్రె నమిలి లాగేసింది. ఒక స్పాంజీ గయాబ్. ఇరవై మూడు.

జూలై 2, అర్ధరాత్రి

స్పాంజీలు తీసిన 54 గంటలకు వీర్యం వేయాలని లెక్క. పొద్దున చల్లటి వేళ పని జరగాలంటే స్పాంజీ తీయాల్సింది అర్ధరాత్రి అవుతుంది. పదకొండున్నరకు దొడ్లో దిగాం. నేను, మామ, బావమరిది, తలలకు లైట్లు. లాగిన ప్రతి స్పాంజీతో పాటు ఒక చెంచాడు కంపు నీళ్లు. అది మామూలే, రెండు రోజుల్లో కడుక్కుపోతుంది. స్పాంజీ తీసిన గొర్రెకు మేడం ఇచ్చిన సూది, 300 యూనిట్ల పి.ఎం.ఎస్.జి. అది చూడి గుర్రం రక్తం నుంచి తీసే హార్మోను, గుడ్డు ఎదగడానికి ఊతం. మామ చెయ్యి ఆగిపోయింది. "గుర్రం సూది గొర్రెకా? పిల్లలు గుర్రాలంత పుడతయా ఏంది?" మోతాదు పెంచితే పిల్లలు పెద్దవి కావు, ఎక్కువవుతాయి, ముగ్గురు పుట్టి ముగ్గురూ బక్కచిక్కి చచ్చిపోతారు. అందుకే మేడం 300 దగ్గరే ఆపారు.

వీధిలోంచి ఎవరో టార్చి కొట్టి చూసి, గొర్రెల దొడ్లో అర్ధరాత్రి ముగ్గురు మనుషులు, సూదులు, దారాలు చూసి, గమ్మున వెళ్లిపోయారు. తెల్లారేసరికి మేము చేతబడి చేస్తున్నామని ఊరంతా పాకింది. అత్త ఆ మాటకు రెండు రోజులు నవ్వింది, మూడో రోజు మాత్రం గుమ్మానికి నిమ్మకాయలు కట్టింది.

జూలై 5

నాలుగున్నరకు లేచాను. రాత్రి చిన్న జల్లు పడి నేల తడిసి ఉంది. పాల ద్రావణం నిన్ననే కాచాను. వెన్న తీసిన పాలను 92 నుంచి 95 డిగ్రీల మధ్య పది నిమిషాలు ఉంచితేగానీ పాలలో వీర్యకణాలను చంపే గుణం పోదు. చల్లార్చి, వడగట్టి, యాంటీబయాటిక్ కలిపి, ఇప్పుడు 30 డిగ్రీల నీళ్ల తొట్టిలో పెట్టాను. గాజు గిన్నె, పిపెట్లు, అన్నీ అదే వేడిలో. చల్లటి గాజు తగిలితే కణాలకు గుండె ఆగుతుంది. ఎండ తగిలినా, ఒక్క నీటి చుక్క కలిసినా అంతే.

5:20కి మొదటి పట్టు. ఒక మిల్లీలీటరు, పలుచని మీగడ రంగు. నాలుగు మార్కులు! ఏప్రిల్ జ్వరం వెళ్లిపోయింది. కొన్ని వారాలుగా లెక్కగదుల స్లైడు మీద లెక్కపెట్టుకున్న అనుభవంతో, ఈ రంగుకు మిల్లీలీటరుకు 300 కోట్ల కణాలు ఉంటాయని అంచనా. గొర్రెకు 15 నుంచి 20 కోట్లు వేయాలని ఉంది, కాబట్టి రెండో పట్టు కావాలి. 5:35కి రెండో పట్టు తీశాను. ఏవీ తొడుగు అంచు జారి వేడినీళ్లు గిన్నెలోకి కారాయి. మైక్రోస్కోపు కింద ఒక్కటీ కదలలేదు. పారబోశాను.

మూడో పట్టుకు పొట్టేలు అరగంట ఆగమంది. 54 గంటలు ఆగవు. ఉన్న 300 కోట్లనే 25 మోతాదులు చేయాలి, అంటే తలా 12 కోట్లు. ద్రావణాన్ని వీర్యంలోకి చుక్క చుక్కగా వదిలాను. వీర్యాన్ని ద్రావణంలో పోయకూడదు. ఐదు మిల్లీలీటర్లు అయింది. మోతాదు 0.2.

మొదటి గొర్రెను పట్టే ముందు మామ దడి దగ్గర నిలబడి, బీడీ ఆర్పేసి, నాలుగింటిని చూపించాడు. "గా బుడ్డచెవులది, కుంటిది, గీ రెండు దొర పిల్లల తల్లులు. గివి ఎదల లేవు. రాత్రి పొట్టేలు కట్టేసిన కాడికి అన్నీ పోయి ఒరుసుకున్నయి. గివి పోలే. బుడ్డచెవులదైతే నిన్ననే అయిపాయె."

నేను విన్లేదు. స్పాంజీ తీసి 54 గంటలు, పుస్తకం లెక్క. అన్నిటికీ వేశాను.

వేసేది ఇలా. బావమరిది గొర్రె మెడను తొడల మధ్య ఇరికించుకుని, వెనక కాళ్లు రెండూ ఎత్తి పట్టుకుంటాడు. ముందు కాళ్లు నేల మీద, పిరుదులు నా ఛాతీ ఎత్తున. తోక కింద తుడిచి, జారుడు మందు రాసిన స్పెక్యులమ్‌ను పైకప్పు వెంట తోస్తాను. ఇది బాతు ముక్కులాంటి సాధనం, కొనకు లైటు. లోపల అంతా ఎర్రటి గులాబీ రంగు, ఎదలో ఉంటే జిగురు మెరుస్తుంది. ద్వారం ఎక్కడుందో వెతకాలి. ఒకదానికి నేల మీద కుడివైపు, ఒకదానికి ఎడమన మడత కింద. కొన్నింటికి గులాబీ మొగ్గలా ముడుచుకుని, కొన్నింటికి రెండు పెదవుల్లా, ఒకదానికైతే కోడి జుట్టులా తోలు వేలాడుతూ. పిపెట్ కొనను ఆ రంధ్రంలో పెట్టి మెల్లగా తిప్పాలి, తొయ్యకూడదు. తిప్పుతుంటే ఎక్కడో ఒకచోట దారి ఇస్తుంది, లేదా ఇవ్వదు. ఇచ్చినంతలో వదిలి, స్పెక్యులమ్‌ను కొంచెం వెనక్కి లాగి, ద్వారం ముడుచుకున్నాక పిపెట్‌ను నెమ్మదిగా తీయాలి. గబుక్కున తీస్తే వేసిందంతా వెనక్కి వస్తుంది. నాకు మూడింటిలో వచ్చింది.

ప్రతి దానికీ ఎంత లోపలికి వెళ్లిందో బావమరిది పుస్తకంలో రాశాడు. 11 గొర్రెలకు గుమ్మం దగ్గరే ఆగింది. ఎనిమిదింటికి ఒక సెంటీమీటరు దాకా. నాలుగింటికి అంతకంటే లోపలికి, వాటిలో ఒకదానికి రెండో మడత దాటిందని నా చేతికి తెలిసింది. మామ చూపించిన నాలుగూ గుమ్మం దగ్గర ఆగిన పదకొండులోనే ఉన్నాయి. వాటి లోపల జిగురు లేదు, ద్వారం బిగుసుకుపోయి ఉంది. అప్పుడు కూడా నాకు వెలగలేదు.

7:25కి అయిపోయింది. మధ్యలో వీధి కుక్క ఒకటి దొడ్లోకి దూరితే మంద అంతా గోడకు అతుక్కుపోయింది. భయపడ్డ గొర్రెలో గర్భాశయం కదలికలు మారిపోతాయి, వీర్యం పైకి పోదు. ఆ తర్వాత పట్టిన ఐదింటి పేర్ల పక్కన చుక్క పెట్టుకున్నాను.

జూలై 25

ఎదకు తిరిగి వస్తున్నవాటిని పట్టుకోవడానికి పాత పొట్టేలుకు కడుపు కింద గోనెపట్టా కట్టి, ఛాతీకి జాజు కలిపిన గ్రీజు పూసి మందలో వదిలాం. ఎక్కగలదు కానీ దాటి చూలు కట్టించడం కుదరదు. ఎదకొచ్చిన గొర్రె పిరుదుల మీద ఎర్ర ముద్ర పడుతుంది. మా తాతలు ఎదను ఆపడానికి కట్టిన పట్టాయే ఇది, మేము ఎదను కనిపెట్టడానికి కడుతున్నాం.

16వ రోజు నుంచి 20వ రోజు మధ్య 12 ముద్రలు పడ్డాయి. మామ చెప్పిన నాలుగింటిలో మూడు అందులో ఉన్నాయి. ఈ పన్నెండింటినీ జోడిపికే తాడు పట్టుకుని దాటించాం. రోజుకు మూడు నాలుగు, అది మహా సంతోషంగా ఉంది.

ఆగస్టు 20

మేడం స్కానరు తెచ్చారు. వేసి 46 రోజులు. గజ్జల దగ్గర ప్రోబు పెట్టి చూస్తే నల్లటి నీటి సంచిలో చిన్న గుండె తడబడుతూ కొట్టుకోవడం కనపడుతుంది. అత్తను పిలిచి చూపించారు. ఆమె చేతులు జోడించింది.

జూలై 5 నాటి చూళ్లు తొమ్మిది. ముద్ర పడకుండా మోసం చేసిన ఖాళీవి రెండు, అందులో ఒకటి బుడ్డచెవులది. లోతు లెక్కన చూస్తే గుమ్మం దగ్గర ఆగిన 11లో మూడు కట్టాయి, ఒక సెంటీమీటరు వెళ్లిన ఎనిమిదిలో నాలుగు, ఇంకా లోపలికి వెళ్లిన నాలుగింటిలో రెండు. ఇరవై మూడింటితో గట్టిగా ఏమీ చెప్పలేం, ఒక గొర్రె అటైతే లెక్క ఇటు మారుతుంది. అయినా ఆ వరస నాకు నచ్చింది. కుక్క తర్వాత పట్టిన ఐదింటిలో ఒక్కటే. మామ చూపించిన నాలుగింటిలో సున్నా. అవి తీసేస్తే 19లో తొమ్మిది.

ఇక తాడు పట్టుకుని దాటించిన 12లో మేడం పది చూళ్లు చెప్పారు, నెల తక్కువగా ఉన్నవి కాబట్టి మళ్లీ చూస్తామన్నారు. మామ ఏమీ అనలేదు. బీడీ వెలిగించి పొట్టేలు వైపు చూసి నవ్వాడు. ఇరవై నాలుగు స్పాంజీల ఖర్చు తొమ్మిది చూళ్ల మీద పడితే ఒక్కో చూలుకు రెండున్నర రెట్లకు పైనే. ఆయన నవ్వులో ఆ లెక్క కూడా ఉంది.

సెప్టెంబరు 14

తొమ్మిదిలో ఒకటి ఈసుకుపోయింది, గర్భం నిలవలేదు. కారణం తెలియలేదు. మేడం రక్తం పంపారు, బ్రూసెల్లా లేదని వచ్చింది.

డిసెంబరు 3

గొర్రె చూలు అటూ ఇటూగా 147 నుంచి 150 రోజులు. లెక్క ప్రకారం నవంబరు 29 నుంచి మొదలవ్వాలి. 28 రాత్రే ఒకటి ఈనింది. నిన్నటితో ఎనిమిదీ అయిపోయాయి. పది పిల్లలు. రెండు గొర్రెలకు కవలలు, మా మందలో కవల అరుదు, అది గుర్రం సూది పనే. ఒక కవలలో చిన్నది రెండో రోజు చలికి పోయింది. మిగిలిన తొమ్మిదిలో ఐదింటికి కళ్ల చుట్టూ కాటుక ఉంది. పోతులు నాలుగు. చెవులకు పసుపు బిళ్లలు కొట్టి, తండ్రి, తల్లి, తేదీ పుస్తకంలో రాశాం. మా దొడ్లో తండ్రి పేరు రాసి ఉన్న పిల్లలు ఇవే మొదటివి. ఈ నాలుగు పోతుల్లో ఏదీ జాతరకు వెళ్లదని మామతో ఒట్టు వేయించుకున్నాను. ఆయన మల్లన్న మీద కాకుండా నా మీద వేశాడు, నాకు దాని మీద నమ్మకం తక్కువ.

డిసెంబరు 21

రెండో మంద ఆసామి వచ్చి కాటుక పిల్లలను చూసి వెళ్లాడు. ఆయన దొడ్డి మూడు కిలోమీటర్లు. పొట్టేలును అంపమన్నాడు. అంపం అన్నాను. వీర్యం తెస్తాను అన్నాను.

ఈసారి స్పాంజీ లేదు. గోనెపట్టా కట్టిన పొట్టేలును రోజూ రెండు పూటలా మందలో తిప్పి, సాయంత్రం ముద్ర పడ్డదానికి మర్నాటి పొద్దున, పొద్దున పడ్డదానికి సాయంత్రం వేస్తాం. మామ ఆ మందలో కూర్చుని "ఇది ఎద, ఇది కాదు" చెప్పడానికి ఒప్పుకున్నాడు, రోజుకు రెండు చాయ్‌లు, ఒక బీడీ కట్ట. ద్రావణంలో కలిపిన వీర్యాన్ని నెమ్మదిగా 15 డిగ్రీలకు దింపి అక్కడ నిలిపితే ఏడెనిమిది గంటలు వాడుకోవచ్చు, ఫ్రాన్సు వాళ్లు చేసేది అదే. నా దగ్గర చాయ్ తీసుకెళ్లే థర్మాస్, రెండు ఐసు ప్యాకులు, అత్త పాత ఉన్ని స్వెటరు ఉన్నాయి.

మొదటి పరీక్షలో ఐసు ఎక్కువై తొమ్మిదికి పడిపోయింది. రెండోసారి ఒక్క ప్యాకు, స్వెటరు రెండు చుట్లు. బండి మీద మూడు కిలోమీటర్లు పోయి వచ్చి, దడికి వేలాడదీసి నాలుగు గంటలు ఆగాను. మూత తీసి చూస్తే 16.5.